బకెమోనోగతారి చూడాలా, మరొకటి ఎంచుకోవాలా: మాటల మీద నడిచే అతీంద్రియ అనిమేల పోలిక

2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చిన తరువాత అనిమే (జపనీస్ యానిమేషన్) వైపు కొత్తగా తిరిగిన ప్రేక్షకులు మన దగ్గర చాలామందే ఉన్నారు. దయ్యాలూ భూతాలూ ఉన్న మరో సిరీస్ ఏదైనా చెప్పమని వారు అడిగినప్పుడు, అనిమే ఎప్పటినుంచో చూస్తున్నవారు తరచుగా సూచించే పేరు బకెమోనోగతారి. అందులోనూ రక్తపిశాచి ఉంది, మనుషులను పట్టి పీడించే వింత శక్తులున్నాయి, భూతవైద్యుడి వంటి మనిషి ఒకడున్నాడు. అయితే పోరాటం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నవారికి మూడో ఎపిసోడ్‌లో అధిక భాగం కనిపించేది, జనసంచారమే లేని ఒక పార్కులో ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఎడతెగకుండా మాట్లాడుకోవడం. అక్కడితో సగంమంది లేచిపోతారు, మిగిలిన సగంమంది ఆ సంభాషణలకు అలవాటుపడి, తరువాతి భాగాలతో కలిపి వంద ఎపిసోడ్ల దాకా వెళతారు.

ఏ పక్షంలోనూ తప్పు లేదు. అతీంద్రియ కథ అన్న ఒక్క మాట చూసి ఎంచుకోవడమే ఇక్కడ పొరపాటు. ఈ తరహా సిరీస్‌లలో ప్రేక్షకుడు ముందుగా తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: మాటలు వినే ఓపిక తనకెంత, సబ్‌టైటిల్స్ ఎంత వేగంగా చదవగలడు, ఇంట్లో ఎవరెవరు పక్కన ఉండగా చూస్తాడు. వీటికి సమాధానం తెలిస్తే బకెమోనోగతారికి బదులుగా మోనోనోకె, నత్సుమె యూజిన్‌చో, ముషిషి, ఇన్/స్పెక్టర్ వంటి వాటిలో ఏది తగినదో నిర్ణయించుకోవడం కష్టం కాదు.

ముందుగా అసలు సిరీస్ సంగతి. నిషియో ఇషిన్ రాసిన నవలలు 2006లో జపాన్‌లో వెలువడ్డాయి; షాఫ్ట్ స్టూడియో వాటిని షింబో అకియుకి, ఒయిషి తత్సుయల దర్శకత్వంలో 2009లో అనిమేగా తీసింది. మొత్తం 15 ఎపిసోడ్లు. వాటిలో మొదటి 12 మాత్రమే టీవీలో ప్రసారమయ్యాయి. చివరి మూడూ 2009 నవంబరు నుంచి 2010 జూన్ వరకు ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటిగా విడుదలయ్యాయి. ఈ వివరం ఎందుకంటే, 12తో ఆగిపోయినవారు చివరి కథను మధ్యలో వదిలేసినట్టే అవుతుంది. కాబట్టి మీరు చూసే చోట 15 ఉన్నాయో లేదో చూసుకొని మొదలుపెట్టడం మంచిది. కథానాయకుడు అరారగి కొయొమి హైస్కూలు చివరి సంవత్సరం విద్యార్థి. వసంతకాలపు సెలవుల్లో ఒక రక్తపిశాచి బారిన పడి, తిరిగి మనిషై, గాయాలు త్వరగా మానే గుణం మాత్రం కొంత మిగుల్చుకున్నవాడు. పీత, నత్త, కోతి, పాము, పిల్లి అనే అయిదు వింతలు పట్టిన అయిదుగురు అమ్మాయిలతో అతనికి ఏర్పడే పరిచయాలే ఈ 15 ఎపిసోడ్లూ.

మొదటి రెండు ఎపిసోడ్లలో ముగిసే పీత కథను కొంచెం దగ్గరగా చూస్తే ఈ సిరీస్ పద్ధతి అంతా అర్థమవుతుంది. బడిలో మెట్ల మీదనుంచి జారిపడిన సెన్జోగహర హితగి అనే అమ్మాయిని అరారగి చేతులతో పట్టుకుంటాడు. ఆమెకు బరువన్నదే దాదాపు లేదని ఆ క్షణంలో తెలుసుకుంటాడు. ఆమె తూగేది అయిదు కిలోలు. ఆ రహస్యం బయటపడకుండా ఉండేందుకు ఆమె అతని నోట్లో ఒక పక్క కట్టర్ బ్లేడూ మరో పక్క స్టేప్లరూ పెట్టి, చాలా మర్యాదగా, పూర్తి వాక్యాలలో బెదిరిస్తుంది. పాడుబడిన ఒక ట్యూషన్ సెంటర్ భవనంలో ఉండే ఒషినో మెమె అనే వ్యక్తి దగ్గరకు అరారగి ఆమెను తీసుకువెళతాడు. అక్కడ జరిగే తంతులో దీపాలూ నైవేద్యాలూ ఉన్నప్పటికీ అసలు పని జరిగేది ప్రశ్నల వల్ల. పేరేమిటి, పుట్టినరోజు ఎప్పుడు, ఇష్టమైన రచయిత ఎవరు అంటూ ఒషినో ఏ దరఖాస్తు ఫారంలోనో ఉండేటంత మామూలు ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటిగా, ఒకే స్థాయి గొంతుతో అడుగుతూ పోతాడు. ఆమె కూడా అదే స్థాయిలో జవాబులిస్తూ పోతుంది. ఆ లయకు అలవాటుపడిన తరువాత, ఏ మార్పూ లేని అదే గొంతుతో, ఆమె జీవితంలో అన్నిటికంటె బాధాకరమైన జ్ఞాపకం ఏమిటని అడుగుతాడు. అక్కడ ఆమె తడబడుతుంది. ఆమె ఇంతకాలం దాచుకున్నదేమిటో, పీతకు అప్పగించినదేమిటో ఆ తడబాటు తరువాతి మాటలలోనే బయటపడుతుంది. చందమామలో బేతాళ కథలు చదువుతూ పెరిగినవారు శవాన్ని మోసుకుపోవడం కంటె చివరి ప్రశ్న కోసమే ఎలా ఎదురుచూసేవారో, ఇక్కడా అటువంటి ఎదురుచూపే ఉంటుంది; కాకపోతే ఇక్కడి ప్రశ్న పరీక్షించేది తెలివిని కాదు.

ఒషినో పదే పదే చెప్పేది ఒకటుంది: తాను ఎవరినీ రక్షించలేడని, ఎవరికి వారే రక్షించుకోవాలని. సిరీస్ మొత్తం ఈ నియమానికి కట్టుబడి ఉండటం వల్లనే భూతాన్ని కొట్టి చంపడం ఇక్కడ పరిష్కారం కాకుండా పోయింది. పైకి చెప్పుకోలేని విషయమే భూతమైతే, చెప్పించడమే వైద్యం. అందుచేత పాత్రలు సొల్లు కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనిపించే చోట కూడా ఎవరు ఏ విషయం దగ్గర మాట మారుస్తున్నారో గమనించేవారికి ఈ సిరీస్ అమితంగా నచ్చుతుంది. పన్నెండో ఎపిసోడ్ ఇందుకు మంచి ఉదాహరణ. సెన్జోగహర, అరారగి నక్షత్రాలు చూడటానికి వెళతారు. కారు నడిపేది ఆమె తండ్రి. ముందు సీటులో తండ్రి మౌనంగా బండి నడుపుతూ ఉంటే, వెనుక సీటులో ఆమె అరారగిని మాటలతో ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఆ ప్రయాణంలో జరిగే సంఘటన అంటూ ఏమీ లేదు. అయినా ఈ 15 ఎపిసోడ్లలో అన్నిటికంటె గట్టిది అదేనని నా అభిప్రాయం.

సంభాషణల బరువుకు తోడు దృశ్యాల బరువు కూడా ఉంది. ఎరుపు, నలుపు రంగుల తెరల మీద జపనీస్ అక్షరాలు రెప్పపాటు కాలం కనిపించి మాయమవుతుంటాయి. నవలలోని వాక్యాలు తెరనిండా వచ్చి, చదవడం మొదలుపెట్టేలోగా వెళ్లిపోతాయి. వీధులలో, తరగతులలో ముఖ్య పాత్రలు తప్ప మరో మనిషి కనిపించడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీద ఆధారపడే తెలుగు ప్రేక్షకుడు ఒక పక్క వేగంగా సాగే సంభాషణ చదువుకుంటూ, ఇంకో పక్క ఈ తెరలను కూడా అందుకోవాలని ప్రయత్నిస్తే మొదటి ఎపిసోడ్‌కే తలనొప్పి వస్తుంది. వాటిని చదవడానికి ప్రతిసారీ పాజ్ చేయవద్దు. కథకు అవసరమైనది సంభాషణలోనే దొరుకుతుంది. ఆ తెరలు ఎక్కువగా కథానాయకుడి మనసులోని గందరగోళాన్ని తెలియజేయడానికి ఉన్నవే. ఫోనులో చూడటం కంటె పెద్ద తెర మీద చూడటం ఇక్కడ నిజంగా మేలు. భోజనం చేస్తూనో, వంట చేస్తూనో ఒక చెవి వేసి వినడానికి మాత్రం ఈ సిరీస్ బొత్తిగా పనికిరాదు.

ఇక అసలైన అభ్యంతరం. ఈ సిరీస్‌ను మెచ్చుకునేవారు చాలామంది దీనిని ఒక్క వాక్యంలో దాటవేస్తారు గనుక ఇక్కడ వివరంగా చెప్పడం అవసరం. కెమెరా అమ్మాయిల శరీరాల మీద అనవసరంగా నిలిచే సందర్భాలు ఇందులో చాలా ఉన్నాయి. అంతకంటె ఇబ్బందికరమైనది, ప్రైమరీ స్కూలు పిల్లగా కనిపించే హచికుజి మయొయితో అరారగి ప్రవర్తనను హాస్యంగా చూపడం. పాము కథలో మిడిల్ స్కూలు అమ్మాయి సెన్గొకు నదెకోను చిత్రించిన తీరు కూడా ఆ కోవలోదే. అరారగి దృష్టికోణంలోనే కథ సాగుతోందనీ, అతని లోపాలను అలా చూపుతున్నారనీ అభిమానులు చెప్పే వాదనలో కొంత నిజముంది. కానీ ఆ వాదన ప్రతి దృశ్యానికీ అతకదు. కొన్ని కేవలం ఒక వర్గం ప్రేక్షకులను ఆకర్షించడానికి పెట్టినవేనని చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. 2012లో వచ్చిన తరువాతి భాగం నిసెమోనోగతారిలో ఈ ధోరణి ఇంకా పెరిగింది. అన్న చెల్లెలికి టూత్‌బ్రష్‌తో పళ్లు తోమే దృశ్యం ఆ భాగానికి ఎటువంటి పేరు తెచ్చిపెట్టిందో అనిమే ప్రేక్షకులందరికీ తెలుసు. దీనికితోడు పీత కథలో ఒక లైంగిక దాడి ప్రయత్నం ప్రస్తావన ఉంది. దానిని బాధ్యతగానే రాశారు, అయినా ముందే తెలిసి ఉండటం మంచిది. కనుక పిల్లలకు ఇది ఏ విధంగానూ తగదు. పెద్దవారు కూడా హాలులోని టీవీలో, అమ్మానాన్నలు అటూ ఇటూ తిరుగుతుండగా పెట్టుకోదగిన సిరీస్ కాదు. ఇటువంటి దృశ్యాలను ఏ కారణం చేతనైనా సహించలేనివారు, సంభాషణలు ఎంత బాగున్నా సరే, ఈ సిరీస్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

మాటల్లోంచి భూతం బయటపడే కథే కావాలి, ఈ చూపు మాత్రం వద్దు అనుకునేవారికి నా మొదటి సలహా మోనోనోకె. ఇది 2007లో తోయెయ్ యానిమేషన్ నిర్మించగా నకమురా కెంజి దర్శకత్వం వహించిన 12 ఎపిసోడ్ల సిరీస్; 2006లో వచ్చిన అయకషి అనే సంపుటిలోని పిల్లిభూతం కథకు కొనసాగింపుగా పుట్టినది. స్టూడియో జిబ్లీ సినిమా ప్రిన్సెస్ మోనోనోకెతో దీనికి ఏ సంబంధమూ లేదు. వెదికేటప్పుడు ఆ రెండూ కలగాపులగం అవుతుంటాయి గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది. పేరు లేని ఒక మందులమ్మేవాడు పెట్టె వీపున వేసుకొని తిరుగుతుంటాడు. అతని దగ్గర భూతాన్ని సంహరించే కత్తి ఉంది. కానీ భూతం రూపం, జరిగిన సత్యం, దాని వెనుక ఉన్న మనుషుల మనోగతం అనే మూడూ తెలిస్తే తప్ప ఆ కత్తి ఒరనుంచి బయటకు రాదు. ఒక్కొక్కటి తేలినప్పుడల్లా కత్తిపిడికి ఉన్న తల టక్కున పళ్లు కొరుకుతుంది. ఆ చప్పుడు వినపడాలంటే అక్కడ చేరినవారందరూ నిజం చెప్పాలి, ఎవరూ చెప్పరు. అందువల్ల ప్రతి కథా ఒక విచారణలా సాగుతుంది. ఓడ మీద జరిగే కథలో ఒక సముద్రభూతం ప్రయాణికులను ఒక్కొక్కరినీ, నీకు అన్నిటికంటె భయం దేనివల్ల అని అడుగుతుంది. బకెమోనోగతారిలో ఒషినో ప్రశ్నలు నచ్చినవారికి ఈ ఘట్టం తప్పక నచ్చుతుంది.

మోనోనోకెలో తెరంతా పాత జపనీస్ చెక్కముద్రల చిత్రాల వలె, కాగితపు గరుకుదనంతో సహా కనిపిస్తుంది. రంగులు ఎంత దట్టంగా ఉంటాయంటే, తొలి పది నిమిషాలు ఎవరు ఎక్కడ నిలబడ్డారో అర్థం కాకపోవచ్చు. ఇది కూడా పిల్లల సిరీస్ కాదు. మొదటి కథలో ఒకప్పటి వేశ్యాగృహమూ, అక్కడ బలవంతంగా చేయించిన గర్భస్రావాలూ ఉన్నాయి. స్త్రీల మీద జరిగిన అన్యాయాలు అనేక కథలకు మూలం. తేడా ఏమిటంటే, ఇక్కడ కెమెరా ఆ అన్యాయం చేసినవారి పక్షాన నిలబడదు. పన్నెండు ఎపిసోడ్లే గనుక రెండు మూడు రోజుల్లో ముగించవచ్చు, ఒక్కొక్క కథా రెండు మూడు ఎపిసోడ్లలో పూర్తవుతుంది గనుక ఎక్కడ ఆపినా నష్టం లేదు. గొంతులు గుర్తుపట్టే అలవాటున్నవారికి ఇక్కడొక చిన్న సరదా ఉంది: 2007 సిరీస్‌లో మందులమ్మేవాడికీ, బకెమోనోగతారిలో ఒషినోకీ గొంతు ఇచ్చినది ఒకే నటుడు సకురయ్ తకహిరో. 2024లో మోనోనోకె సినిమాగా వచ్చినప్పుడు మందులమ్మేవాడి పాత్రకు గొంతు ఇచ్చింది కామియా హిరోషి, అంటే మన అరారగి.

ఆ కామియా హిరోషి గొంతే నత్సుమె యూజిన్‌చోలోనూ వినిపిస్తుంది. అరారగిగా క్షణం తీరిక లేకుండా ఎదురు జవాబులిచ్చే ఆ గొంతు, ఇక్కడ నత్సుమె తకషిగా మారినప్పుడు ఇతరులను నొప్పించకూడదన్న జాగ్రత్తతో మెల్లగా పలుకుతుంది. మిదొరికవ యుకి గీసిన మాంగా (జపనీస్ కామిక్స్) ఆధారంగా 2008లో మొదలై 2024లో ఏడో సీజన్ దాకా వచ్చిన సిరీస్ ఇది. తల్లిదండ్రులు లేక బంధువుల ఇళ్లు మారుతూ పెరిగిన నత్సుమెకు, ఇతరులకు కనిపించని యోకైలు, అంటే జపనీస్ జానపద భూతాలు, కనిపిస్తుంటాయి. వాటిని పందాలలో ఓడించి అమ్మమ్మ రెయికో రాయించుకున్న పేర్ల పుస్తకం అతని చేతికి వస్తుంది. ఒక్కొక్క పేరునూ అతను సొంతదారుకు తిరిగి ఇచ్చేస్తుంటాడు. కాగితం పళ్ల మధ్య పట్టుకొని, రెండు అరచేతులూ చరిచి, ఊపిరి వదిలితే అక్షరాలు లేచి యోకై వైపు వెళ్లిపోతాయి.

ఇంటిల్లిపాదీ కలిసి చూడదగినది ఈ జాబితాలో ఇదొక్కటే. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ చూసి నిర్ణయించుకోవచ్చు. అందులో ఒక చిన్న గుడిలోని దేవత కొలిచేవారు తగ్గిపోతున్న కొద్దీ తానూ కుంచించుకుపోతూ చివరకు అరచేతి పరిమాణానికి చేరుతుంది. ఇప్పుడు వచ్చేది ఒక్క ముసలావిడ మాత్రమే. దీపం పెట్టే దిక్కులేని పాత గుడి ఏదో ఒకటి ఎరిగిన మన పల్లెటూరి పెద్దవారికి ఈ కథ పరాయిదనిపించదు. మాటలు తక్కువ, వేగం తక్కువ, వాక్యాలు చిన్నవి. సబ్‌టైటిల్స్ చదవడం ఇప్పుడే అలవాటు చేసుకుంటున్నవారికి ఇది ఎంతో సులువు. చతురోక్తులూ, మాటకు మాటా కోరుకునేవారికి మాత్రం నాలుగు ఎపిసోడ్లకే చప్పగా తోచవచ్చు. పిల్లి రూపంలో తిరిగే న్యాంకో సెన్సెయ్ అప్పుడప్పుడూ ఆ లోటు తీర్చినా, ఈ సిరీస్ బలం వాదనలలో లేదు.

ముషిషి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే అది బకెమోనోగతారికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది. ఉరుషిబర యుకి మాంగా ఆధారంగా నగహమ హిరోషి దర్శకత్వంలో 2005లో మొదలైన ఈ 26 ఎపిసోడ్ల సిరీస్‌లో, జీవానికీ నిర్జీవానికీ మధ్య ఉండే ముషి అనే వాటి వల్ల కష్టాలపాలైన మనుషుల దగ్గరకు గింకో అనే దేశదిమ్మరి వస్తాడు, కారణం వివరిస్తాడు, చేతనైనది చేసి వెళ్లిపోతాడు. ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడ్ విడి కథ. బకెమోనోగతారిని మాటల హోరు భరించలేక వదిలినవారికి ఇది తగినది. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కటి చొప్పున చూడటమే దీనికి సరైన పద్ధతి, వరుసగా నాలుగైదు చూస్తే ఒకదాని ప్రభావం మరొకటి తగ్గిస్తుంది.

వాదన అంటే ప్రాణమున్నవారి కోసం చివరగా ఇన్/స్పెక్టర్ ఉంది. బ్రెయిన్స్ బేస్ నిర్మాణంలో 2020లో వచ్చిన మొదటి సీజన్ 12 ఎపిసోడ్లు, రెండోది 2023లో వచ్చింది. ఒక కన్నూ ఒక కాలూ అర్పించి యోకైలకు పెద్దదిక్కుగా మారిన ఇవనగ కొతొకో వాటి తగవులు తీరుస్తుంటుంది. మొదటి సీజన్‌లో అధిక భాగం ఒక్క కేసే: జనం నమ్మి ఇంటర్నెట్‌లో ప్రచారం చేయడం వల్లనే ప్రాణం పోసుకున్న ఒక భూతాన్ని, అంతకంటె నమ్మశక్యమైన కట్టుకథలు చెప్పి బలహీనపరచాలి. ఆలోచన అద్భుతం. అమలులో మాత్రం పాత్రలు కారులో కూర్చొని ఎపిసోడ్ల తరబడి వాదనలు అల్లడమే మిగులుతుంది, దృశ్యపరంగా చెప్పుకోదగినది తక్కువ. బకెమోనోగతారిలో మాటల వెనుక ఒక గాయం ఉంటుంది. ఇక్కడ మాటల వెనుక ఉండేది తర్కమే. డిటెక్టివ్ నవలల చివరి అధ్యాయాలు ఇష్టపడేవారికి ఇది చాలు, మిగిలినవారికి నేను సిఫారసు చేయను.

ఇవన్నీ చూసిన తరువాత కూడా మనసు బకెమోనోగతారి వైపే ఉంటే, మొదటి మూడు ఎపిసోడ్లకు సమయం కేటాయించి చూడండి. మొదటి రెండింటిలో పీత కథ పూర్తవుతుంది. మూడోదైన పార్కు ఎపిసోడ్ మీ ఓపికను నిజంగా పరీక్షిస్తుంది. ఆ పార్కు సంభాషణ ముగిసేసరికి, తరువాత ఏమి మాట్లాడుకుంటారోనన్న కుతూహలం కలిగితే ముందుకు వెళ్లండి. ఎప్పుడు ముగుస్తుందా అనిపిస్తే, ముందు ముందు బాగుపడుతుందన్న ఆశతో కొనసాగించవద్దు, ఈ సిరీస్ తన తీరు మార్చుకోదు.

కొనసాగించేవారు విడుదలైన వరుసలో చూడటమే మంచిది. కథాకాలం ప్రకారం ముందు జరిగేది కిజుమోనోగతారి కదా అని చాలామంది ఆ మూడు సినిమాలతో మొదలుపెడతారు. 2016, 2017లలో విడుదలైన ఆ సినిమాలలో మాటలు తక్కువ, రక్తపాతం ఎక్కువ, పైగా నేను పైన చెప్పిన అభ్యంతరం వాటికీ వర్తిస్తుంది. పోరాటాలు కోరుకునేవారిని అవి ఆకట్టుకుంటాయన్నది నిజమే గాని, వాటిని చూసి బకెమోనోగతారి కూడా అలాగే ఉంటుందనుకుంటే భంగపడతారు. 2013లో వచ్చిన సెకండ్ సీజన్ దాకా చేరినవారికి ఒక మేలు జరుగుతుంది: కథ చెప్పే పని అరారగి చేతినుంచి అప్పుడప్పుడు ఇతరులకు మారుతుంది. పిల్లి కథలోని హనెకవ ఒక భాగాన్ని తానే చెబుతుంది. చివరి భాగాన్ని కైకి దెయిషు అనే మోసగాడు తన మాటల్లో చెబుతాడు, అతని మాటల్లో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో చివరిదాకా తేల్చుకోలేము. మధ్యలో నిసెమోనోగతారిని దాటవేయవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్నే. ఆ కైకి మొదట కనిపించేది అందులోనే గనుక పూర్తిగా వదిలేయడం కుదరదు; ఇబ్బందికరమైన దృశ్యాలను ముందుకు జరుపుకుంటూ చూడటమే మార్గం.